వెలిసిన రంగులు ఎవరికి ముద్దు?
(బట్టలూ మనమూ – 6)



పోయిన ఆదివారం చెప్పుల గురించి రాస్తే వచ్చిన కామెంట్లలో సగం "ఇంకా ఆ రోజులెక్కడున్నాయి మేడం" అనేవే. ఆ సగానికీ కలిపి ఈ వారం సమాధానం రాస్తున్నా. ఈసారి విషయం ఇంకా చిన్నది. ఇంటిల్లిపాదీ కలిసి ఫోటో దిగేటప్పుడు ఏం బట్టలు వేసుకోవాలి? నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, చదవడం మాత్రం ఆపకండి.

ఒక చెల్లెలు ఇన్‌బాక్సులో రాసింది. గుంటూరు వైపు పిల్ల, పేరూ ఊరూ చెప్పను. తను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, తమ్ముడు గవర్నమెంటు బడిలో టీచరు. అమ్మానాన్నల పెళ్లై నలభై ఏళ్లయిందని పదకొండు మందీ కలిసి ఫోటో తీయించుకుందామనుకున్నారు. ఫోటోగ్రాఫరు అడ్వాన్సు తీసుకుని ఫోనుకి ఒక బొమ్మ పంపాడు. మూడ్ బోర్డు అంటారట. అందులో ఎవరిదో ఒక కుటుంబం. అందరూ లేత గోధుమరంగు, మీగడరంగు, ఉందో లేదో తెలియని గులాబీరంగు. అన్నీ నలిగిన లినెన్ బట్టలు. కింద సూచనలు: ఎరుపు వద్దు, ముదురు పసుపు వద్దు, జరీ మెరుపు వద్దు. అలా అయితే ఫోటో "టైమ్‌లెస్‌గా" ఉంటుందట.

వాళ్లమ్మ ఆ బొమ్మని ఫోనులో ముందుకీ వెనక్కీ జరిపి చూసి, "ఇయ్యి ఎలిసిపోయిన గుడ్డలు గదమ్మా. డబ్బులు పోసి ఎలిసిన గుడ్డలు కొనటమేంది? మన ట్రంకు పెట్లో ఉన్నయ్‌గా" అందట. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. సాయంత్రానికి "మీరు దిగండి, నేను రాను" అని తేల్చేసింది. ఆకుపచ్చ చీరకి ఎర్రంచుది ఒకటి, ఆమె సొంత డబ్బుతో కొనుక్కున్నది, బీరువాలో ఉంది. అది కట్టుకోనిస్తేనే వస్తుంది. "అక్కా, అమ్మని ఎలా ఒప్పించాలి?" అని ఈ పిల్ల ప్రశ్న.

అమ్మని వదిలెయ్, ఫోటోగ్రాఫర్ని ఒప్పించు అని రాశాను. తను ఒప్పించింది కూడా. కానీ ఎందుకు ఒప్పించాలో రెండు ముక్కల్లో చెబితే తెగేది కాదు. అందుకే ఇది.

వెలిసిన రంగు అందంగా కనపడాలంటే ఒక షరతుంది. బీరువా నిండా వెలవని రంగులు ఉండి ఉండాలి. యాభై పట్టుచీరలున్నావిడ ఒక రోజు నలిగిన లినెన్ కడితే అది ఆమెకి విశ్రాంతి. చూసేవాళ్లకి కూడా ఆమె బీరువా కనపడుతూనే ఉంటుంది. మా అమ్మమ్మకి ఉన్నవి రెండు చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. నాట్లప్పుడు బురదలో, కోతలప్పుడు ఎండలో, మిరపకోతలప్పుడు ఘాటులో ఆ రెండే. కొన్నప్పుడు ఒకటి నీలం, ఒకటి ఎరుపు అయ్యుండొచ్చు. రెండేళ్లయ్యేసరికి రెండూ ఒకటే రంగు. ఆ రంగుకి మా పేటలో పేరు లేదు. ఇప్పుడు దానికి ఇంగ్లీషు పేరొచ్చింది, మీటరుకి ధర కూడా వచ్చింది.

ఆ రెండిట్లో ఒకటి కొన్నది కూడా కాదు. పెద్దింట్లో ముసలావిడ పోతే ఆమె చీరలు పేటకి వచ్చేవి. జీతగాడి పెళ్లానికి అదో దయ. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలురు చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి అని రాసి ఉంది. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు, మనువు ఎవరో తెలీదు. అయినా ఆయన రాసిన చీరే ఆమె ఒంటి మీద ఉండేది.

మనొక్కళ్లమే ఇలా ఆలోచిస్తామనుకోకండి. అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వాన్ని కూల్చడానికి జీవితమంతా మాట్లాడిన ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథ 1845లో అచ్చేశాడు. పొలం పనికి రాని వయసు బానిస పిల్లలకి ఏడాదికి రెండు ముతక లినెన్ చొక్కాలు ఇచ్చేవారని, అవి చిరిగిపోతే మళ్లీ ఇచ్చేదాకా ఒంటి మీద నూలుపోగు ఉండేది కాదని అందులో చెబుతాడు. గమనించండి, లినెనే. ఆ పిల్లవాడు పెద్దయ్యాక పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువసార్లు ఫోటో దిగిన మనిషి అయ్యాడు. పరిశోధకులు ఇప్పటికి 160 దాకా వేరువేరు ఫోటోలు వెతికి తీశారు. దాదాపు అన్నిట్లోనూ ముదురు కోటు, తెల్ల కాలరు, కెమెరా వైపో పక్కకో నిలిపిన చూపు, నవ్వులేని మొహం. నల్లవాళ్లని కోతుల్లా, పళ్లికిలించే నౌకర్లలా బొమ్మలేసే దేశంలో, నేను ఎలా కనపడాలో నేనే నిర్ణయిస్తాను అని కూర్చున్న మనిషి. ఫోటో గురించి ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. ఆయన్ని పిలిచి మీ ఫోటోకి లేత గోధుమరంగు లినెన్ వేసుకోండి సార్ అని ఎవరైనా చెప్పి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది.

"అది పాత కథ, మన దేశంలో ఇప్పుడెవరు అడ్డుకుంటున్నారు" అనేవాళ్లకి చట్టం చూపిస్తాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని మూడో సెక్షన్లో నేరాల జాబితా ఉంటుంది. అందులో ఒకచోట, బహిరంగ స్థలంలో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరం అని ఉంది. మళ్లీ చదవండి. కొత్త బట్టలు. అంతరిక్షంలోకి రాకెట్లు పంపుతున్న దేశం, ఇరవై ఒకటో శతాబ్దంలో పార్లమెంటులో కూర్చుని, ఫలానావాళ్లు కొత్త బట్టలు కట్టుకుంటే కొట్టొద్దు అని రాసుకోవాల్సి వచ్చింది. ఊరికే రాసుకోరు కదా.

ఆ చట్టం వచ్చాక కూడా ఆగలేదు. 2023లో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో ఒక దళిత యువకుడిని మంచి బట్టలు వేసుకుని నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడని కొట్టారు. 2024లో అదే రాష్ట్రం సాబర్‌కాంఠా జిల్లాలో ఇంకొకతన్ని కొట్టారు. ఈసారి కారణం రోడ్డు మీద నడవడం కూడా కాదు. తలపాగా చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని దిగిన ఫోటోని సోషల్ మీడియాలో ప్రొఫైల్‌గా పెట్టుకోవడం. ఒక్క ఫోటో. దాన్ని చూసి ఓర్చుకోలేకపోయారు.

మన దగ్గర గుజరాత్ లేదులే అని ఊపిరి పీల్చుకోకండి. భుజం మీది తువ్వాలు నడుముకి చుట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని ఊళ్లోంచి నడిచిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు. పంచె మోకాలు దాటకూడదు. ఆ చెప్పులు కుట్టింది మాదిగ. ఆ ముతక పంచె నేసిందీ చాలా ఊళ్లలో మాలవాడే. నేసినవాడు నిండుగా కట్టుకోకూడదు, కుట్టినవాడు తొడుక్కోకూడదు.

ఇక ఫోటో సంగతికి వద్దాం.

ఫోటో అంటే ముందు మనల్ని ఎవరో తీసింది. మనం తీయించుకున్నది చాలా తర్వాత. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశంలో ఎవరెవరున్నారో తెలుసుకుందామని ఫోటోలు తీయించి, 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసింది. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. నాలుగో సంపుటంలో మాల ఉంది, మాదిగ ఉంది. థర్స్టన్‌కి మనుషుల ముక్కులు, తలకాయలు కొలవడం పిచ్చి. ఇలాంటి పుస్తకాల్లో చాలా ఫోటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. ఏ బట్టలతో నిలబడాలో ఆ మనిషిని ఎవరూ అడిగి ఉండరు. పనిముట్టు పట్టుకుని నిలబడమంటే నిలబడ్డారు. చొక్కా తీసేయమంటే తీసేశారు. ఎవరి అవ్వో, ఎవరి తాతో. ఈ రోజుకీ ఆ బొమ్మలు కాలెండర్లలో, హోటల్ గోడల మీద అందంగా ఫ్రేము కట్టి కనపడతాయి.

మనవాళ్లు తమంత తాము మొదట దిగిన ఫోటోలు కూడా సరదాకి దిగినవి కావు. హాస్టలు అప్లికేషన్‌కి, స్కాలర్‌షిప్పుకి, బ్యాంకు పుస్తకానికి. మా నాన్న మొదటి ఫోటో సాంఘిక సంక్షేమ హాస్టలు గ్రూపు ఫోటో. మూడో వరసలో ఎడమ నుంచి ఐదోవాడు. ఆ చొక్కా తనది కాదు. పక్క గదిలో పిల్లవాడిది.

తర్వాత టౌన్లో స్టూడియోలు వచ్చాయి. పాతికేళ్లు దాటినవాళ్లకి గుర్తుంటుంది. వెనక తెర మీద తాజ్‌మహలో, మెట్లూ స్తంభాలూ ఉన్న మేడో. పక్కన ప్లాస్టిక్ పూలకుండీ. అద్దం ముందు ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా. మేకుకి ఒక కోటు, ముడి విప్పకుండా ఉంచిన ఒక టై. ఆ ఒక్క కోటు మా మండలంలో ఎంతమంది వేసుకున్నారో! పదో తరగతి ప్యాసైన పిల్లలు, కొత్తగా పెళ్లైనవాళ్లు, దుబాయి వెళ్లబోయేవాళ్లు. చేతులు కొందరికి పొడుగు, కొందరికి పొట్టి. కింద లుంగీ ఉన్నా పర్లేదు, ఫోటో నడుము దాకే కదా. అగ్రకులాల మిత్రులు కొందరు ఈ కోటు ఫోటోలు పెట్టుకుని జోకులేస్తుంటారు, పాత సినిమా హాస్యనటుల్లా ఉన్నారని. నాకు ఆ ఫోటోల్లో నవ్వేమీ కనపడదు. ఆ కోటు వేసుకున్నవాడు తను ఏం కాబోతున్నాడో దాన్ని ముందే తొడుక్కుని చూసుకున్నాడు. వాళ్లలో కొందరు అయ్యారు కూడా.

ఆడవాళ్ల కథ కోటు కథ కంటే బావుంటుంది. పెళ్లిసంబంధానికి పంపే ఫోటో కోసం మా పేటలో ఒక చీర ఉండేది. వంగపండు రంగు, పచ్చంచు. ఎవరిదో అసలు యజమానురాలెవరో కూడా చాలామందికి తెలీదు. మా పెద్దమ్మ ఆ చీరలోనే ఉంది, మా అమ్మ ఆ చీరలోనే ఉంది, మా అమ్మ స్నేహితురాళ్లు ఇద్దరు ఆ చీరలోనే ఉన్నారు. నాలుగు ఇళ్లలో నాలుగు ఆల్బములు పక్కపక్కన పెడితే నాలుగు జాకెట్లు, ఒకటే చీర. దాన్ని ఉతక్కుండా, చెమట పట్టకుండా, మడత నలగకుండా ఇల్లు మార్చేవారట. ఈ మధ్య అందరికీ ఒకే రంగు బట్టలు అన్న ముచ్చట చూసినప్పుడల్లా ఆ నలుగురు ఆడవాళ్లే గుర్తొస్తారు. వాళ్లదీ మ్యాచింగే, ఏ ఫోటోగ్రాఫరూ చెప్పకుండా కుదిరింది.

బట్టల గురించి అంబేడ్కర్ కంటే గట్టిగా ఆలోచించిన నాయకుడు ఈ దేశంలో లేడు. 1921 సెప్టెంబరులో గాంధీ మదురైలో చొక్కా, పంచె వదిలేసి గోచీకి దిగాడు. ఆయన వదలగలిగాడు, ఎందుకంటే ఆయనకి ఉంది. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ మన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడుతూ చీరకట్టు చూడగానే ఫలానా కులం అని తెలిసిపోయేలా కట్టుకోవద్దన్నాడు. మోకాళ్ల పైకి కట్టే పద్ధతి మానమన్నాడు. మెడకీ చేతులకీ గుదిబండల్లా వేలాడే వెండి నగలు తీసేయమన్నాడు. గుడ్డ పాతదైనా శుభ్రంగా ఉండాలన్నాడు. ఎంత మామూలు మాటలో చూడండి, ఇంట్లో పెద్దన్న చెప్పినట్టుంటాయి. కానీ అక్కడున్న ఆడవాళ్లకి చీరకట్టు మార్చడం అంటే తిరిగి ఊళ్లోకి వెళ్లాక ఎన్ని కళ్లని ఎదుర్కోవాలో ఆయనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

ఆయన కుటుంబ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహలో తీసింది. కొడుకు యశ్వంత్, అంబేడ్కర్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, ఆమె కొడుకు ముకుంద్, ముందు కుక్క టాబీ. తర్వాతి ఏడాది మే 27న రమాబాయి చనిపోయింది. ఆ ఫోటోలో నేను ఎప్పుడూ ఆగిపోయేది లక్ష్మీబాయి దగ్గర. ఆమె భర్త ఆనందరావు అప్పటికే పోయాడు. భర్త పోయిన మనిషి కుటుంబ ఫోటోలో అందరితో సమానంగా ఉంది. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేదేంటి? మేనత్తో, పెద్దమ్మో భర్త పోయి ఉంటే "నువ్వు ఆ చివర నిలబడు", "నీకు ఆ లేత చీర చాల్లే" అంటాం. ఆ అలవాటు మనకెక్కడి నుంచి వచ్చింది? మన అమ్మమ్మలు భర్త పోయిన వారానికే పొలం పనికి వెళ్లారు, వాళ్లని మూలన కూర్చోబెట్టే తీరిక ఎవరికీ లేదు. కాస్త డబ్బు రాగానే పెద్ద కులాల నుంచి మనం ముందు తెచ్చుకున్నది ఇలాంటిదే. ఫోటో దిగే రోజు ఆమెకి ఎర్రచీర కావాలంటే ఎర్రచీర. మధ్యలో కుర్చీ.

ఈ మధ్య ఫోటోగ్రాఫర్లు ఇంకో రెండు రకాలు అమ్ముతున్నారు. ఒకటి విలేజ్ థీమ్. ఊరి బయట ఒక తోటలో తాటాకు గుడిసె, ఎద్దులబండి, నాగలి, తట్ట, ముగ్గు. మగాళ్లకి పంచె, తలగుడ్డ. ఆడవాళ్లకి గోచీకట్టు చీర, నెత్తిన కుండ. పూటకింత అని అద్దె. కార్లో దిగి, ఏసీ గదిలో ఆ బట్టలు మార్చుకుని, చేతికి వరికంకి ఇచ్చి నవ్వమంటారు. నాలుగు తరాల పాటు పొలాలున్నవాళ్ల పిల్లలకి అది తాతల జ్ఞాపకం కావొచ్చు, దిగనివ్వండి. మన అమ్మ ముప్పై ఏళ్లు నడుము వంచి ఆ వరిని నాటింది. ఎముకలరిగి కూర్చుంటే లేవలేని ఆ మనిషి చేతికి మళ్లీ కొడవలిచ్చి ఫోటో తీస్తారా? థర్స్టన్ కూడా అంతే చేసేవాడు. కాకపోతే ఆయన మన దగ్గర డబ్బులు తీసుకోలేదు.

రెండోది రాయల్ థీమ్. సింహాసనం లాంటి ఎర్ర కుర్చీ, షేర్వానీ, తలపాగా, చేతిలో కత్తి. తెలంగాణలో అయితే గడీ సెట్టింగు కూడా ఉంటుంది. దీని మీద మనవాళ్లలోనే నాతో వాదించేవాళ్లున్నారు. "దొర కుర్చీలో మన నాన్న కూర్చోవడమే తిరుగుబాటు కదా అక్కా" అని ఒక తమ్ముడు గంటసేపు వాదించాడు. అతని మాటలో బలం ఉంది, కొట్టిపారేయను. పెళ్లికొడుకు గుర్రమెక్కితే నేను ముందు నిలబడి డప్పు వింటాను, ఎందుకంటే ఆ గుర్రం ఊళ్లోంచి నడుస్తుంది. సాబర్‌కాంఠా యువకుడి తలపాగా కూడా అంతే, అందరూ చూసేచోట పెట్టాడు. గడీ సంగతి వేరే. ఆ గడీ గుమ్మం ముందు మన తాత చేతులు కట్టుకుని "బాంచన్" అన్నాడు. వెట్టి చేసి చచ్చినవాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు. ఆ గోడని అట్టతో కట్టి, బంగారు రంగు పూసి, అందులో కూర్చుని నవ్వితే దొర పోడు, దొరతనం బాగుందని మనం ఒప్పుకున్నట్టవుతుంది. స్టూడియో కోటుదీ అద్దె బట్టే కదా, దాన్ని మెచ్చుకుని దీన్ని తిడతావేం అన్నాడు. కోటు వేసుకున్నవాడు ఆఫీసుకి వెళ్లాలనుకున్నాడు తమ్ముడూ. ఈ కుర్చీ ఎక్కి ఎక్కడికి వెళ్తాం?

రంగు గురించి చెప్పకుండా వదిలితే ఈ వ్యాసం దండగ. బట్టల రంగు మాట వచ్చినప్పుడల్లా అసలు మాట్లాడేది చర్మం రంగు గురించే. "మీ స్కిన్ టోన్‌కి ఇది సూటవదు మేడం" అంటారు. మీరు నల్లగా ఉన్నారని ఇంగ్లీషులో చెప్పడం అది. నల్లగా ఉన్నవాళ్లకి లేతరంగులే వేయాలి, కొట్టొచ్చినట్టుండే రంగులు వేయకూడదు అని చిన్నప్పటి నుంచి మన ఆడపిల్లల చెవుల్లో పోశారు. తర్వాత కంప్యూటర్లో కూర్చుని అందరి మొహాలనీ రెండు ఛాయలు తెల్లగా లాగుతారు. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు.

కెమెరా కూడా పుట్టుకతో అమాయకురాలేం కాదు. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. షర్లీ కార్డు అంటారు. దాని మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ. ఆమె చర్మం బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు. నల్లవాళ్ల మొహాలు మసిబారిపోతున్నాయని తల్లులు మొత్తుకున్నా పెద్దగా పట్టలేదు. చాక్లెట్ల కంపెనీలు, చెక్క ఫర్నిచరు కంపెనీలు మా సరుకు రంగులు సరిగ్గా రావడం లేదని గొడవ చేశాక ముదురు రంగులు కూడా పట్టేలా ఫిల్ము బాగుచేశారు. చాక్లెట్‌కి దక్కిన గౌరవం మనిషికి ముందు దక్కలేదు.

ఇప్పటి కెమెరాలు చాలా నయం. కానీ ఆపరేటరు బుర్ర అక్కడే ఉంటే లాభం లేదు. అందుకని ఫోటోకి వెళ్లేముందు నాలుగు మాటలు, నాకు తెలిసినంతలో.

ముదురు చర్మం మీద ముదురు పసుపు, ఎరుపు, నెమలికంఠం రంగు, ఆకుపచ్చ, మెరూన్ అన్నీ నిండుగా ఉంటాయి. భయపడకండి. నీలం గురించి నేను చెప్పక్కర్లేదు. తెలుపు మనవాళ్లకి ఇష్టం, చర్చికి కట్టుకునే అలవాటు కూడా ఉంది. కట్టుకోండి. కాకపోతే అందరూ తెలుపు కట్టి తెల్లగోడ ముందు నిలబడితే ఆటోమేటిక్‌లో ఉన్న కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మొహాలు నల్లబడతాయి. అప్పుడు తప్పు మన మొహానిది అంటారు. "మొహం మీద వెలుతురు చూసుకుని తీయండి" అని ముందే చెప్పండి. గోడ ఏ ముదురు రంగుదో అయితే ఇంకా మంచిది. తళతళలాడే శాటిన్ మీద ఫ్లాష్ పడితే మచ్చలొస్తాయి. మరీ సన్నగళ్ల చొక్కాలు ఫోటోలో అలలు అలలుగా కనపడతాయి. అంతకు మించి బట్టలకి శాస్త్రం ఏమీ లేదు.

"మొహాలు తెల్లగా చేయొద్దు" అని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి. మొహమాటపడకండి, డబ్బు మనది. వాట్సాప్‌లో రాసి పెడితే మరీ మంచిది.

పదకొండు మందికి పదకొండు జతలు కొనడానికి అప్పు చేయకండి. ఒకే రంగు అక్కర్లేదు. ఎవరికి వాళ్లు తమ దగ్గరున్న వాటిల్లో తమకి బాగా నచ్చింది, కొన్నప్పుడు సంతోషపడి కొన్నది వేసుకోమనండి. మా ఇంట్లో పోయిన ఏడాది దిగినప్పుడు బాబాయి తన ఆర్టీసీ యూనిఫారంలో వస్తానన్నాడు. రిటైరై ఆరేళ్లయింది, గుండీలు పట్టలేదు, పిన్ని రాత్రంతా కూర్చుని కుట్లు విప్పి వదులు చేసింది. మా తమ్ముడి కూతురు కాన్వొకేషన్ గౌను వేసుకుంది. మా అత్త నైలాన్ చీరే కట్టుకుంది, పట్టు ఆవిడకి దురద. ఎవరి రంగూ ఎవరితో కలవలేదు.

ముసలివాళ్లని ముందు తీయండి, ఎండెక్కక ముందు, వాళ్లు అలిసిపోక ముందు. కొత్త జాకెట్టు ఒకసారి ముందే తొడిగి చూడండి. చంటిపిల్లలకి పాలు పట్టాక తీయండి.

ఇంకొకటి, పాదాలు. ఫోటోగ్రాఫర్లు నడుము దాకా తీసి ఊరుకుంటారు. ఒక్కటైనా నిలువునా తీయమనండి, చెప్పులతో, బూట్లతో. స్టూడియో గుమ్మం దగ్గర అమ్మ అలవాటుగా చెప్పులు విప్పేస్తుంది. విప్పొద్దమ్మా, వేసుకునే రా అని చెప్పండి. పోయిన వారం వ్యాసం చదివినవాళ్లకి ఎందుకో మళ్లీ చెప్పను.

ఫోనులో ఉంచి ఊరుకోకండి. ఫోను పోతే ఫోటో పోతుంది. ఒకటి కాగితం మీద వేయించండి. వెనక బాల్ పెన్నుతో గట్టిగా నొక్కితే ముందుకి అచ్చు పడుతుంది, అందుకని మెత్తటి పెన్సిలుతో రాయండి. తారీఖు, ఊరు, ఎడమ నుంచి కుడికి అందరి పూర్తి పేర్లు. అమ్మమ్మ అని కాకుండా అమ్మమ్మ పేరు. చాలామందికి రాయబోయేటప్పుడే తెలుస్తుంది, ఆమె అసలు పేరేమిటో ఇంట్లో ఎవర్నీ అడగలేదని. ఆమె ఉండగానే అడగండి.

వచ్చే ఆదివారం బడి యూనిఫారాల గురించి. మీ ఇంట్లో పాత స్టూడియో ఫోటోలుంటే, ఇంట్లోవాళ్లని అడిగి ఒప్పుకుంటేనే, కామెంట్లలో పెట్టండి. ఆ మేకు మీది కోటు ఇంకా ఎంతమంది వేసుకున్నారో చూద్దాం.

జై భీమ్.